తొలి బస్తా

హెలెన్‌కి తెల్లకోటంటే ప్రాణం. పొదిలి పొలిమేరలో ఉన్న దాణా మిల్లులో తొమ్మిదేళ్ళుగా ల్యాబ్ చూసుకుంటోంది. ల్యాబ్ అన్నానని పెద్దగా ఊహించుకోకండి. ఒక కాటా, నాలుగు గాజు గొట్టాలు, ఒక అయస్కాంతం, ఒక భూతద్దం, పెచ్చులూడిన గోడకి చర్చివాళ్ళు ఇచ్చిన క్యాలెండరు. అంతే. అయినా ఆ గదిలోకి వచ్చేవాళ్ళు ఎవరూ చెప్పకుండానే గుమ్మం బయట చెప్పులు విడిచి వచ్చేవాళ్ళు. అది చూసినప్పుడల్లా హెలెన్‌కి కడుపు నిండేది.

నిండదూ మరి! వాళ్ళమ్మ కొండమ్మ బతుకంతా మిరప చేలల్లోనూ కల్లాల్లోనూ గడిచింది. ఎండిన కాయల్లోంచి తెల్లబడిన తాలుకాయ ఏరి పక్కన పోయడం ఆమె పని. వేళ్ళు ఎప్పుడూ మండుతూ ఉండేవి. ఆ చేతులతో కూతురి కన్నీళ్ళు తుడవడానికి కూడా జంకి, చీర కొంగుతో తుడిచేది. అలాంటి కొండమ్మ కూతురు ఒంగోల్లో బీయస్సీ కెమిస్ట్రీ పాసై వచ్చింది. ఊరికి ఎడంగా ఉన్న వాళ్ళ పాలెంలో అంతకు ముందు ఆ చదువు చదివినవాళ్ళు లేరు. మిల్లులోనే కాదు, పాలెంలోనూ ఆమె ‘ల్యాబ్ మేడమే’.

ఆమె చేసే పని కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఆ మిల్లులో రెండు రకాల దాణా తయారవుతుంది. సాయంత్రాలు కోళ్ళ దాణా, పొద్దున పశువుల దాణా. రెండూ కలిపే యంత్రం మాత్రం ఒకటే. కోడిపిల్లలకు రక్తవిరేచనాలు పట్టుకోకుండా వాటి దాణాలో ఒక మందు కలుపుతారు. టన్ను దాణాకి గుప్పెళ్ళ లెక్కన పడే మందు. అది అంతటా సమంగా కలిసిందో లేదో కంటికి తెలియదు. అందుకని ఆ మందులో సన్నటి ఇనుప రజను వేసి పంపిస్తారు. ఆ రజనుకి ఎర్రరంగు పూత ఉంటుంది. దాణాని అయస్కాంతం ముందు నుంచి జారవిడిస్తే రజను దానికి అంటుకుంటుంది. దాన్ని స్పిరిట్‌తో తడిపిన తెల్లకాగితం మీద దులిపితే ఒక్కో నలుసూ ఒక్కో ఎర్రచుక్కగా విచ్చుకుంటుంది. ఇక కూర్చుని లెక్కపెట్టుకోవడమే.

కోళ్ళ దాణాకి పది చోట్ల పది దోసిళ్ళు తీసి చూడాలి. పదింటిలోనూ తొంభై అటూ ఇటూగా చుక్కలొస్తే కలయిక కుదిరినట్టు. ఒకచోట నలభై, ఇంకోచోట నూటయాభై వస్తే ఒక కోడికి మందు లేనట్టు, ఇంకో కోడికి రెండింతలు పడ్డట్టు. పశువుల దాణాలో అసలు చుక్కే ఉండకూడదు, ఉన్నా రెండో మూడో. అంతకు మించి వచ్చాయంటే నిన్న సాయంత్రపు కోళ్ళ మందు యంత్రం మూలల్లో మిగిలిపోయి ఇవాళ్టి దాణాలోకి వచ్చిందన్నమాట. నీచు వండిన గిన్నె సరిగ్గా తోమకుండా అందులోనే పాలు కాచినట్టు. ఈ యంత్రాన్ని నీళ్ళతో కడగలేరు కాబట్టి మధ్యలో రెండు బస్తాల తవుడు పోసి తిప్పి, ఆ తవుడు తీసి మళ్ళీ కోళ్ళ దాణాలోనే వాడుకోవాలి. రూలు అది.

రూళ్ళ విషయంలో హెలెన్ గట్టి మనిషి. ఒకసారి పది కాగితాల్లో చుక్కలు పది రకాలుగా వస్తే, లారీలు గేటు దగ్గర నిలబడి ఉన్నా మిల్లు ఆపించేసింది. తీరా చూస్తే యంత్రం లోపలి రెక్కలు అరిగిపోయి ఉన్నాయి. యజమాని శశిభూషణ్ గారు అందరి ముందూ, “మా హెలెన్ గారు సంతకం పెట్టాక ఇంక నేను చూడక్కర్లేదు” అన్నాడు. ఆ మాట ఆమె ఇంటికి వెళ్ళి కొండమ్మకి రెండుసార్లు చెప్పింది.

కానీ ఆమె రిజిస్టర్లో ఒక్క గడి మాత్రం తొమ్మిదేళ్ళుగా అబద్ధం. పశువుల దాణా పేజీలో మొదటి గడి. దాని పైన ‘తొలి బస్తా’ అని ఉంటుంది.

ఆ తొలి బస్తా కథ వేరు. శశిభూషణ్ గారి తల్లి జ్ఞానప్రసూనాంబ గారు రిటైరైన తెలుగు టీచరు. మిల్లు తెరిచిన రోజు యంత్రంలోంచి వచ్చిన మొదటి బస్తాని రోడ్డున పోతున్న ఒక ముసలి రైతుకి, అతని బక్కెద్దుల కోసం ఇప్పించారట. ఆ ఏడు మిల్లు బాగా నడిచింది. అప్పటి నుంచీ పొద్దున్నే వచ్చే తొలి బస్తా అమ్మకానికి కాదు, దానానికి. ఆవిడ తలస్నానం చేసి వచ్చి, మూతి కుట్టిన బస్తాకి పసుపు రాసి బొట్టు పెడతారు. ఇంట్లో గొడ్డు ఉండి, మేత లేని వాళ్ళెవరైనా వచ్చి దణ్ణం పెట్టి తీసుకుపోతారు.

హెలెన్ చేరిన కొత్తల్లో ఆ బస్తాలోంచి గరిటెతో దోసెడు తీయబోయింది. పెద్దావిడ చిన్నగా నవ్వి అడ్డం వచ్చారు. “అమ్మాయ్, దానమిచ్చేది ఎంగిలి చేయకూడదమ్మా. తర్వాత బస్తాలో తీసుకో” అన్నారు. మాటలో కరుకుదనం లేదు. అయినా హెలెన్‌కి చెంప మీద కొట్టినట్టయింది. ఆవిడ వద్దన్నది గరిటెనా, ఆ గరిటె పట్టుకున్న చేతినా? పాలెంలో పుట్టినవాళ్ళకి ఈ అనుమానం ఊరికే రాదు. అడిగి తేల్చుకోలేదు. ఆ రోజు నుంచీ పసుపు బస్తా దగ్గరికి వెళ్ళలేదు. మూడో బస్తాలోనో నాలుగో బస్తాలోనో దోసెడు తీసి, వచ్చిన రెండు చుక్కల్నీ తొలి బస్తా గడిలో రాసేది. అలా రోషంగా మొదలైంది కాస్తా ఏడాది తిరిగేసరికి అలవాటైపోయింది.

ఇంకొకటి కూడా ఉంది. యంత్రం నడిపే క్రీస్తుదాసు ఒకరోజు తవుడు తిప్పడం మానేశాడు. హెలెన్ అడిగితే, “ఎందుకు మేడమ్ తవుడు దండగ? తొలి బస్తా ఎటూ దానానికేగా పోయేది. మూలల్లో ఉందంతా దాంతోనే ఊడ్చుకుపోద్ది” అన్నాడు. హెలెన్ నవ్వింది. వద్దనలేదు. మిల్లు పుణ్యం చేస్తున్నాననుకుంటూ తన కడుగునీళ్ళని రోజూ ఒక బీదవాడి గొడ్డుకి పోస్తోందని ఆమెకి ఆ క్షణంలోనే అర్థమైంది. గేదెలు, ఎద్దులు ఆ మాత్రం మందుని తట్టుకుంటాయి, కాబట్టి ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆ నవ్వుని తర్వాత తల్చుకుని ఆమె ఎన్నిసార్లు సిగ్గుతో చచ్చిపోయిందో లెక్కలేదు.

జానీబీ, హెలెన్ పదో తరగతి దాకా ఒకే బెంచీ. హెలెన్ టిఫిన్ డబ్బాలో కారం తప్ప ఏమీ ఉండని రోజుల్లో జానీబీ తన డబ్బా మధ్యలో పెట్టి, “తినవే, నాకు ఆకల్లేదు” అని అబద్ధమాడేది. పెళ్ళయ్యాక సాయిబుల బజార్లోనే ఉంది. ఆమె భర్త బుడే పెళ్ళి ఊరేగింపులకి గుర్రం తీసుకెళ్తాడు. తెల్లగుర్రం, పేరు గులాబీ. పొదిలి చుట్టుపక్కల పదేళ్ళుగా పెళ్ళికొడుకైన ప్రతివాడూ దాదాపు దాని వీపెక్కినవాడే. బుడేకి పిల్లల్లేరు. ఉన్నది గులాబీయే.

మొన్న ఏప్రిల్ మొదట్లో జానీబీ ల్యాబ్‌కి వచ్చింది. “ఏమే హెలెనూ, ముహూర్తాలు వచ్చి పడ్డాయి. గులాబీకి చూస్తే పక్కటెముకలు కనపడతన్నాయి. చుట్టుపక్కల పచ్చిగడ్డి పోచ లేదు. మీ పెద్దమ్మగారి బస్తా ఒకటి మాకిప్పించవే” అంది.

హెలెన్ పొంగిపోయింది. ఇరవై అయిదేళ్ళ కిందటి టిఫిన్ డబ్బా బాకీ తీరే దారి దొరికిందనుకుంది. “ఒకటేమిటే, రేపటి తొలి బస్తా మీదే. పొద్దున్నే అన్నని పంపు” అంది.

మర్నాడు బుడే మోపెడ్ వేసుకుని వచ్చాడు. పసుపు బస్తాని వెనక సీటు మీదికి ఎత్తుతుంటే హెలెన్ కూడా ఒక చెయ్యి వేసింది. కళ్ళెత్తితే ఎదురుగా గోడవారన కోళ్ళ మందు సంచులు. ప్రతి సంచి మీదా ఒక గుర్రం తల బొమ్మ, దాని మీదుగా అడ్డంగా ఎర్రగీత. గుర్రాలకీ గాడిదలకీ ఈ మందు నలుసంత కూడా పడదని, గుండె ఆగి చస్తాయని దాని కింద రాసి ఉంటుంది. ఆమె దాన్ని చేరిన రోజే చదివింది.

గుర్తొచ్చింది. ఇక్కడ దాచిపెట్టేదేమీ లేదు, గుర్తొచ్చింది. బస్తా మీది చెయ్యి ఒక్క క్షణం ఆగింది కూడా. కానీ ఇప్పుడు వద్దంటే ఎందుకో చెప్పాలి. చెబితే ‘మరి ఇన్నాళ్ళూ ఆ గడిలో ఏం రాశావ్?’ అంటారు. పెద్దావిడ పక్కనే బొట్టుపెట్టె పట్టుకుని నిలబడి ఉన్నారు. బుడే ఏమో ముఖమంతా నవ్వు చేసుకుని, “నీ మేలు మర్చిపోను చెల్లెమ్మా” అంటున్నాడు. ఒక్క బస్తాకి ఏమవుద్దిలే అనుకుంది. తాడు బిగించి కట్టడానికి సాయం కూడా చేసింది.

అయిదో రోజు ఒక పెళ్ళి. ఎండ మండిపోతుండగా పదకొండు గంటలకి ఊరేగింపు. పెళ్ళికొడుకు స్నేహితులు పట్టుబట్టి డప్పుల ముందు గులాబీని రెండుసార్లు ఎగిరించమన్నారు. బుడే ఎగిరించాడు. ఇంటికొచ్చేసరికి గుర్రం ఒళ్ళంతా చెమటలు, వెనక కాళ్ళు తడబడుతున్నాయి. మేత ముట్టలేదు. మర్నాడు పొద్దెక్కేసరికి ఒరిగిపోయింది. పశువుల డాక్టరు వచ్చి, ఎండదెబ్బ అయ్యుంటుంది, గుండె ఆగిపోయింది అని వెళ్ళిపోయాడు. ఇంక బజారంతా బుడేని ఆడిపోసుకుంది. “నోరులేని జీవం. ఎండలో గంతులేయిస్తే చావదా?” అన్నారు. అతను ఎవరికీ ఎదురు చెప్పలేదు. ఆ మాటే తనలో తాను అనుకుంటున్నాడు కాబట్టి.

హెలెన్ పలకరించడానికి వెళ్ళింది. జానీబీ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. “ఎండలు కూడా అట్టాగే ఉన్నాయి మరి” అంది. ఆ మాట తన నోట్లోంచి వస్తుంటే తనకే వినపడింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

నాలుగు రోజుల తర్వాత బుడే మిల్లుకి వచ్చాడు. గడ్డం మాసి, చొక్కా వేలాడుతూ, నాలుగు రోజుల్లోనే సగమైపోయాడు. మోపెడ్ మీద సగం బస్తా. మూతి శుభ్రంగా మడిచి తాడుతో కట్టి ఉంది.

“ఇంకా సగముంది చెల్లెమ్మా. పుణ్యానికి ఇచ్చింది మా ఇంట్లో పురుగు పట్టకూడదు. ఇంకెవరి గొడ్డుకైనా ఇప్పించు” అన్నాడు. ఆ పసుపు బొట్టు కూడా చెరగకుండా తెచ్చాడు. హెలెన్ తల ఊపి, బస్తాని ల్యాబ్‌లో బల్ల కిందకి నెట్టించింది.

ఆ రోజంతా బస్తా బల్ల కిందే ఉంది. ఆమె కాళ్ళు దానికి తగలకుండా ముడుచుకుని కూర్చుంది. మర్నాడు గది తలుపు వేసి మూతి విప్పింది. దోసెడు తీసి తూచింది. అయస్కాంతం ముందు నుంచి జారవిడిచింది. కాగితం తడిపి దులిపింది. చుక్కలు మెల్లగా విచ్చుకున్నాయి. తెల్ల పంచె మీద కారం చల్లినట్టు. భూతద్దం పెట్టి లెక్కపెట్టింది. అరవై నాలుగు. తప్పు లెక్కేమోనని మళ్ళీ పెట్టింది. అరవై నాలుగే. ఇంకో దోసెడు తీస్తే అరవై ఏడు. కోళ్ళకే తొంభై పడుతుంది. ఇది పశువుల దాణా కానే కాదు. మూడొంతుల్లో రెండొంతులు కోళ్ళ దాణా.

కాగితాలు పట్టుకుని శశిభూషణ్ గారి గదిలోకి వెళ్ళింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. బస్తా ఎత్తేటప్పుడు గుర్తొచ్చిందన్నది మాత్రం చెప్పలేదు. ఆయన కాగితాలు చూసి చాలాసేపు గడ్డం రుద్దుకున్నాడు.

“రేపటి నుంచి తవుడు తిప్పించండి. కచ్చితంగా తిప్పాల్సిందే. ఇక జరిగిందంటారా, అది జరిగిపోయింది. మనం అమ్మిన బస్తా కూడా కాదు కదండీ, దానానికి ఇచ్చింది. డాక్టరే ఎండదెబ్బ అన్నాడు. మా అమ్మకి తెలిస్తే అన్నం ముట్టదు. మీరు ఎవరితోనూ అనకండి, హెలెన్ గారూ” అన్నాడు.

ఆమెకి కోపం రావాలి. రాలేదు. వచ్చిందేమిటో తెలుసా? హమ్మయ్య అనిపించింది. నోరు మూసుకోమని చెప్పేవాడు ఒకడు దొరికాడు, ఇంక తప్పు సగం ఆయన మీదికి పోయిందనుకుంది. గదిలోకి తిరిగొచ్చి, కాగితాలు రిజిస్టర్ అట్ట లోపలికి తోసి, ఆ రోజు గడిలో ఎప్పటిలాగే ‘రెండు’ అని రాసింది. రాసి, ఆ అంకె వంక చూస్తూ కూర్చుంది. తన చేతిరాత అంత గుండ్రంగా, అంత నమ్మకంగా ఉంటుందని అప్పుడే మొదటిసారి గమనించింది.

తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే, సాయిబుల బజారు మీదుగా వెళ్ళడం మానేసి చుట్టూ తిరిగి వెళ్ళేది. జానీబీ ఫోన్ చేస్తే పనిలో ఉన్నానని పెట్టేసేది. ఒకసారి కూరగాయల కొట్టు దగ్గర ఎదురుపడి తప్పించుకోలేకపోయింది. “ఆయన అన్నం సరిగా తినడం లేదే. గులాబీ కట్టుకొయ్య దగ్గరే కూచుంటన్నాడు. నేనే చంపుకున్నా, నేనే చంపుకున్నా అని అదే మాట. నువ్వొకసారి వచ్చి చెప్పవే. చదువుకున్నదానివి, నీ మాటయితే వింటాడు” అంది జానీబీ. వస్తానంది హెలెన్. వెళ్ళలేదు.

మే నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల. నెలకొకసారి రొట్టె ముక్క, ద్రాక్షరసం పళ్ళెంలో ఒకరి చేతి నుంచి ఒకరికి వస్తాయి. తనను తాను పరీక్షించుకుని తీసుకోమని పాస్టరుగారు ఎప్పుడూ చదివే మాటలే చదివాడు. ఎన్నేళ్ళుగానో వింటున్న మాటలు. పరీక్ష అన్న దగ్గర హెలెన్‌కి అయస్కాంతం, కాగితం, చుక్కలు కళ్ళ ముందుకొచ్చాయి. పళ్ళెం ఆమె దాకా వచ్చింది. చెయ్యి చాచలేకపోయింది. అలాగే పక్కనున్న కొండమ్మకి అందించేసింది. వెనక వరసలో ఎవరో గుసగుసలాడారు. మన చర్చిల్లో పళ్ళెం దాటేయడమంటే పదిమందిలో లేచి నిలబడి తప్పు చేశానని చెప్పడమే.

కొండమ్మ ఇంటికొచ్చి చెప్పులు విప్పాక అడిగింది. “ఏంటే? ఏం చేశావ్?”

హెలెన్ చెప్పింది. అమ్మకి గనక మొదటిసారి అంతా చెప్పింది. గుర్రం తల బొమ్మ, ఎర్రగీత, బస్తా మీద ఆగిన చెయ్యి కూడా. కొండమ్మ విని చాలాసేపు తన వేళ్ళ వంక చూసుకుంది.

“నలభై ఏళ్ళు కాయ ఏరానే నేను. నాకు అచ్చరం ముక్క రాదు. మేస్త్రీ చూడకుండా తాలుకాయ బస్తా అడుక్కి తోసి, పైన మంచికాయ పోసిన ఆడోళ్ళు బోలెడుమంది ఉన్నారు. నేనొక్కనాడు తొయ్యలా. నువ్వు చదువుకుని తోశావంటే” అంది. కొట్టినా బాగుండేదనిపించింది హెలెన్‌కి.

సోమవారం పొద్దున్నే జ్ఞానప్రసూనాంబ గారు బొట్టుపెట్టెతో వచ్చేసరికి హెలెన్ తొలి బస్తా పక్కన నిలబడి ఉంది. మూతి ఇంకా కుట్టలేదు. “అమ్మగారూ, ఇవాళ ఇందులో దోసెడు తియ్యాలండి” అంది.

“అదేమిటమ్మా, ఎంగిలి...”

“ఎంగిలిదేనండి. ముందే ఎంగిలయింది. కోళ్ళు తినగా మిగిలింది మనం దానం చేస్తున్నాం.”

ఆవిడ ఎదురుగానే స్టూలు వేసుకుని కాగితం తడిపింది. ఆ సరికి క్రీస్తుదాసు తవుడు తిప్పడం మొదలుపెట్టి రెండు వారాలు దాటింది, అయినా తొలి బస్తాలో పదకొండు చుక్కలు తేలాయి. కళ్ళజోడు సవరించుకుని పెద్దావిడ ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ తనే లెక్కపెట్టారు. ఆ పక్కన హెలెన్ బుడే తిరిగి తెచ్చిన బస్తా తాలూకు కాగితం పెట్టింది. పెద్దావిడ ఇరవై దాకా లెక్కపెట్టి ఆపేశారు. గుర్రం సంగతి విని అక్కడే బస్తాల మీద కూలబడ్డారు.

“నేను పుణ్యం అనుకున్నానే. మొదటి రోజు నువ్వు తీయబోతే వద్దన్నది నేనే కదూ” అన్నారు. బొట్టుపెట్టె పక్కన పెట్టి, “తియ్యి. ఇకనుంచి ముందు నీ చెయ్యి పడ్డాకే బొట్టు పెడతాను” అన్నారు.

తొమ్మిదేళ్ళ నాటి అనుమానం ఒక్క మాటతో తేలిపోయింది. కానీ సంతోషించే ముఖం హెలెన్‌కి లేదు. ఆవిడ తెలియక చేశారు. తనకి తెలుసు.

సాయంత్రం నాలుగున్నరకి, ఇంకా ఎండ తగ్గకముందే, తెల్లకోటు ల్యాబ్‌లో వదిలి సాయిబుల బజారుకి వెళ్ళింది. బుడే వాకిట్లో కట్టుకొయ్య పక్కన మంచం మీద కూర్చుని ఉన్నాడు. జానీబీ ఆమెని చూసి మొహం విప్పార్చుకుంది. “వచ్చావా తల్లీ, ఇన్నాళ్ళకి!” అంటూ స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ముందు పెట్టింది. హెలెన్ గ్లాసు ముట్టుకోలేదు.

“అన్నా, గులాబీ ఎండదెబ్బకి పోలేదు” అంది. “మా మిల్లు దాణాకి పోయింది. నేనిప్పించిన బస్తాలో కోళ్ళ మందు ఉంది. గుర్రాలకి అది విషం. నువ్వు తిరిగి తెచ్చిన దాన్ని పరీక్ష చేశాను.” కాగితం తీసి మంచం మీద పెట్టింది. ఎర్రచుక్కలు ఎండిపోయి నల్లబడుతున్నాయి.

బుడే కాగితం వంక చూడలేదు. ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. పెదవులు కదిలాయి. “అంటే... నేను ఎగిరించినందుకు కాదా?”

“కాదన్నా. ఎగిరించకపోయినా పోయేది.”

“ఎండలో తీసుకుపోయినందుకు కాదా?”

“కాదు.”

అతను రెండు చేతుల్తో మొహం కప్పుకుని భోరుమన్నాడు. గుర్రం పోయిన రోజు కూడా అతను ఏడవలేదని బజార్లో చెప్పుకున్నారు. ఇప్పుడు పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే హెలెన్‌కి రెండు చేతులూ జోడించాడు. “పెద్ద బరువు దించావు చెల్లెమ్మా. నీ కడుపు చల్లగుండ” అన్నాడు. తిట్టినా, చెప్పు తీసినా ఆమె నిలబడగలిగేది. ఆ దణ్ణం ముందు నిలబడలేక గోడకి ఆనుకుంది.

జానీబీ మాత్రం ఏడవలేదు. కాగితాన్ని తీసి చూసింది. ఒక మూలన హెలెన్ గుండ్రటి చేతిరాతలో తేదీ ఉంది.

“ఇది పరీక్ష చేసి పద్దెనిమిది రోజులైంది” అంది.

“అవును.”

“కూరగాయల కొట్టు కాడ నేను అడిగినప్పుడు నీకు తెలుసు.”

“తెలుసు జానీ.”

“పద్దెనిమిది రోజులు ఈ మనిషి అన్నం తినలేదు.” జానీబీ గొంతు పెంచలేదు. “సరే, అది భయమనుకుందాం. ఒక్కటి చెప్పు. ఆ రోజు బస్తా ఎత్తేటప్పుడు... నీకేమైనా తెలుసా?”

ఇది అడుగుతుందని హెలెన్‌కి తెలుసు. దారి పొడుగునా ‘తెలియదు’ అని చెప్పడం ఎలాగో మనసులో వల్లె వేసుకుంటూనే వచ్చింది. ఒక్క మాట అబద్ధం చెబితే బుడే పెట్టిన దణ్ణమూ మిగులుతుంది, జానీబీ కూడా మిగులుతుంది. శశిభూషణ్ గారికి తెలియదు, పెద్దావిడకి తెలియదు. ఏ అయస్కాంతమూ దీన్ని పట్టుకోలేదు.

“గుర్తొచ్చింది” అంది. “సంచి మీద గుర్రం బొమ్మ చూశాను. వద్దందామనుకున్నాను. సిగ్గేసి అనలేదు.”

బుడే చేతులు మెల్లగా ఒళ్ళోకి జారాయి. జానీబీ ఆమె వంకే చూసింది. ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్లని ఎన్నేళ్ళుగానో ఎరిగిన చూపు అది. తర్వాత వంగి, హెలెన్ ముట్టుకోని మంచినీళ్ళ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.